ప్రశ్నలు – జవాబులు: అరుగు బ్యాంకు, ఆడపిల్ల చదువు

నైజర్ దేశపు పల్లెల్లో 1991లో మొదలైన, మూడు తాళాల పెట్టెలో డబ్బు దాచుకునే మహిళల పొదుపు బృందాల గురించి గత నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలికి నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పాను. ఆ నాలుగు వాక్యాలు చాలలేదని, పొదుపుకూ పిల్లల చదువుకూ ఉన్న సంబంధం అసలు చెప్పనే లేదని ఆక్షేపిస్తూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆక్షేపణ న్యాయమైనదే కనుక ఈ నెల స్థలమంతా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ముందుగా ఒక్క మాట మనవి చేస్తాను. ‘ఆఫ్రికాలో’ అని మనం తేలిగ్గా అనేస్తాం గాని, అక్కడ ఉన్నవి యాభైకి పైగా దేశాలు. ఎడారి అంచున జొన్న పండించుకునే నైజర్ పల్లెకూ, సరస్సు ఒడ్డున చేపలు పట్టుకునే మలావీ పల్లెకూ పోలిక తక్కువ. అందుకే ప్రతి సంగతినీ అది జరిగిన దేశం పేరుతోనే చెబుతాను.

ప్రశ్న: ఆఫ్రికా దేశాల్లో చాలాచోట్ల ప్రాథమిక విద్య ఉచితమని చదివాను. అయినా కోట్ల మంది పిల్లలు బడి బయటే ఎందుకు ఉన్నారు?
— ఒక ప్రభుత్వోపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు: బడి ఉచితమైనంత మాత్రాన బడికి పంపడం ఉచితం కాదు. ఈ తేడా మీ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. అయితే ఫీజు తీసేసినా ఫలితం లేదన్న మాట మాత్రం నిజం కాదు. మలావీ 1994లో ప్రాథమిక పాఠశాలల్లో ఫీజు రద్దు చేసినప్పుడు, 19 లక్షలున్న విద్యార్థుల సంఖ్య ఒక్క ఏడాదిలో దాదాపు 30 లక్షలకు చేరింది. ఉగాండా 1997లో అదే పని చేస్తే సుమారు 31 లక్షల సంఖ్య 53 లక్షలయింది. కెన్యాలో 2003 జనవరిలో ఫీజు ఎత్తివేయగానే పది లక్షలకు మించి పిల్లలు కొత్తగా వచ్చి చేరారు. ఆ మరుసటి ఏడాది ఎల్డొరెట్ ప్రాంతంలోని ఒక బడిలో కిమానీ మరూగె అనే 84 ఏళ్ల పెద్దాయన యూనిఫాం వేసుకుని, మనవల ఈడు పిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చున్నారు. చదువు మీద ఆశ లేక ఆగినవారు కారు ఆ జనం; గుమ్మం దగ్గర డబ్బు అడిగినందువల్ల ఆగినవారు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఒక్కసారిగా వచ్చిపడిన పిల్లలకు గదులు లేవు, పంతుళ్లు లేరు. మలావీ హడావుడిగా వేల మందిని శిక్షణ లేకుండానే ఉపాధ్యాయులుగా తీసుకోవలసి వచ్చింది. గదికి వంద మంది, గది చాలకపోతే చెట్టు కింద తరగతి. చేరినవారిలో చాలామంది చివరి తరగతి దాకా నిలవలేదు. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో బడి బయట ఉన్న పిల్లలు, కౌమార దశవారు కలిసి సుమారు 9 కోట్ల 80 లక్షల మంది అని 2022లో యునెస్కో లెక్కగట్టింది.

నిలవనివారిలో ముందు వరుస ఆడపిల్లది. ఫీజు పోయినా యూనిఫాం, నోటు పుస్తకాలు, పరీక్ష రుసుము, మధ్యాహ్నం తిండి మిగిలే ఉంటాయి. వాటికి తోడు ఇంటి పని ఉంటుంది: పొద్దున్నే ఇరవై లీటర్ల క్యాన్ నెత్తిన పెట్టుకుని బోరు దగ్గర వరుసలో నిలబడాలి, తల్లి చేనుకు పోతే చంటివాణ్ణి చంకన వేసుకోవాలి. ఈ చివరి సంగతిని బుర్కినా ఫాసోలో బాగా పట్టుకున్నారు. 2005 తర్వాత ఆ దేశంలో 132 పల్లెల్లో ‘ఆడపిల్లకు అనుకూలమైన బడులు’ కట్టారు. ఒక్కొక్క దానిలో మూడు తరగతి గదులు, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లు, ఆవరణలోనే బోరు, మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేశారు. నెలలో నూటికి తొంభై రోజుల లెక్కన హాజరైన ఆడపిల్లకు ఇంటికి పట్టుకుపోయే తిండిగింజలు ఇచ్చారు. అన్నిటికంటే తెలివైన పని, బడి పక్కనే చిన్న పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టడం. అక్కడివారు దాన్ని ‘బిసోంగో’ అంటారు. తమ్ముణ్ణి అక్కడ దించి అక్క తరగతికి పోతుంది. మన అంగన్‌వాడీ కూడా బడి ఆవరణలో ఉన్న ఊళ్లల్లో ఇదే జరుగుతుందని మీరు గమనించే ఉంటారు. ఆ పల్లెల్ని, అలాంటి బడి రాని పల్లెలతో పోల్చి చూసిన ఆర్థికవేత్తలు బడిలో చేరినవారు దాదాపు 19 శాతం పాయింట్లు పెరిగారనీ, ఆ పెరుగుదల మగపిల్లల కంటే ఆడపిల్లల్లో మరో 5 పాయింట్లు ఎక్కువనీ తేల్చారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 1998 నుంచి 75 పాఠశాలల్లో పిల్లలకు నులిపురుగుల మందు వేసి చూసిన అధ్యయనంలో గైర్హాజరు నాలుగో వంతు తగ్గిందని తేలింది. ఆ లెక్కల మీద తర్వాత పండితుల మధ్య పెద్ద వాదమే నడిచింది గాని, ఆ పని చేసినవారిలో ఒకరైన మైఖేల్ క్రెమర్‌కు 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది; అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలు ఆయనతో పాటు దాన్ని పంచుకున్నారు. ఏటా ఫిబ్రవరిలో మీరు మీ తరగతిలో పిల్లల చేత నమిలించే మాత్ర అలాంటిదే.

ప్రశ్న: నేను పొదుపు సంఘంలో ఇరవై ఏళ్లుగా సభ్యురాలిని. అక్కడి బృందాలూ మావీ ఒకటేనా? పెట్టెకు మూడు తాళాలు ఎందుకు?
— ఒక సంఘం మాజీ అధ్యక్షురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ఒకటి కాదు, ఆ తేడా తెలిస్తే మీకే ఎక్కువ ఆసక్తి కలుగుతుంది.

1991లో నైజర్‌లోని మరాడి ప్రాంతంలో, కేర్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో, ‘మాతా మాసు దుబారా’ పేరిట ఈ బృందాలు మొదలయ్యాయి. హౌసా భాషలోని ఆ మాటకు ‘ఉపాయం తెలిసిన ఆడవాళ్లు’ అని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. అక్కడి నుంచి ఈ పద్ధతి మలావీ, ఉగాండా, టాంజానియా, రువాండా, కెన్యా వంటి దేశాలకు పాకింది. మలావీలో దీన్ని ‘బ్యాంక్ మ్‌ఖోండె’ అంటారు. చిచెవా భాషలో ‘ఖోండె’ అంటే వసారా. మన మాటలో చెప్పాలంటే అరుగు బ్యాంకు.

సమావేశం ఎలా జరుగుతుందో చెబుతాను. పదిహేను నుంచి పాతిక మంది ఆడవాళ్లు వరుస సంఖ్య ప్రకారం గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో ఇనుప పెట్టె ఉంటుంది. దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురు వేర్వేరు సభ్యుల ఇళ్లలో ఉంటాయి, పెట్టె నాలుగో ఆమె ఇంట్లో ఉంటుంది. కాబట్టి ఏ ఒక్కరి మొగుడు గద్దించినా, ఏ ఒక్కరి కొడుకు బతిమాలినా, సమావేశం రోజు వచ్చేదాకా పెట్టె తెరుచుకోదు. దొంగ భయం కంటే ఇంట్లోవాళ్ల భయానికే మూడు తాళాలు ఎక్కువగా పనికొస్తాయన్నది నా అభిప్రాయం. మన వైపు ఒకప్పుడు ఆడవాళ్లు బియ్యం డబ్బాలో, పోపుల డబ్బాలో డబ్బు దాచుకున్నదీ ఈ భయంతోనే కదా.

తాళాలు తీశాక, ఒక్కొక్కరిని సంఖ్యతో పిలుస్తారు. పిలిచినామె వచ్చి, తన శక్తిని బట్టి ఒకటి నుంచి ఐదు వాటాల దాకా కొంటుంది. ఆ డబ్బును ఇద్దరు అందరి ముందూ పైకి లెక్కపెడతారు. ఆమె పుస్తకంలో ఎన్ని వాటాలైతే అన్ని ముద్రలు కొడతారు. చదువు రానివారు సైతం ముద్రలు లెక్కపెట్టుకోగలరు. నైజర్‌లో మొదటి రోజుల్లో ఆ పుస్తకం కూడా లేదు. పెట్టెలో ఎంత ఉందో సమావేశం చివర పైకి చెబితే, అందరూ జ్ఞాపకం పెట్టుకుని, మళ్లీ కలిసినప్పుడు ముందుగా అదే అప్పజెప్పేవారు. అప్పు కావలసినవారు ఏ పనికో చెప్పి అడగాలి. సాధారణంగా తన పొదుపుకు మూడింతలకు మించి ఇవ్వరు. జబ్బు, చావు వంటి ఆపదలకు వేరుగా ఒక చిన్న నిధి ఉంటుంది. తొమ్మిది నెలలకో ఏడాదికో పెట్టె మొత్తం ఖాళీ చేసి, అసలూ వడ్డీ కలిపి వాటాల ప్రకారం పంచుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఆ పంపకం రోజును ఎరువుల కాలానికో, పిల్లల ఫీజుల కాలానికో సరిపోయేలా ముందే నిర్ణయించుకుంటారు.

వడ్డీ మాట వింటే మీరు ఉలిక్కిపడతారు. నెలకు నూటికి ఐదు నుంచి పది దాకా! మన దగ్గర పది రూపాయల వడ్డీ అంటే కాల్‌మనీ గుర్తొస్తుంది. కానీ అక్కడ ఆ వడ్డీ సేటు జేబులోకి పోదు, పెట్టెలోకే పోతుంది, ఏడాది చివర కట్టినామెకు కూడా అందులో వాటా వస్తుంది. అలాగని అందరికీ సమానంగా లాభమని నేను అనను. ఎక్కువ పొదుపు చేసి అప్పు తీసుకోని ఆమెకు వచ్చే లాభం, తక్కువ పొదుపు చేసి తరచూ అప్పు తీసుకునే పేదరాలు కట్టిన వడ్డీలోంచే వస్తుంది. ఈ సంగతిని ఆ పద్ధతిని పొగిడేవారు తక్కువగా చెబుతారు.

ఇక మన సంఘాలతో తేడా. 1982లో వచ్చిన డ్వాక్రా గాని, 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం గాని, సంఘాన్ని బ్యాంకు మెట్లెక్కించడానికి పుట్టినవి. మీ పొదుపు చూసి బ్యాంకు దానికి కొన్ని రెట్లు అప్పు ఇస్తుంది. అక్కడి పెట్టెలోకి బయటి పైసా రాదు. రాకపోవడం ఒక లోటే: ఏ గేదెనో కొనడానికి పెద్ద మొత్తం కావాలంటే పెట్టె చాలదు. రాకపోవడం ఒక రక్షణ కూడా. 2010లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో వారం వారం గుమ్మంలో నిలబడి వాయిదాలు వసూలు చేసిన సూక్ష్మరుణ వ్యాపారం ఎన్ని ఇళ్లను ముంచిందో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు ఎందుకు తేవలసి వచ్చిందో మీరు కళ్లారా చూసినవారు. తన డబ్బు తప్ప ఇంకొకరి డబ్బు లేని పెట్టెకు ఆ గతి పట్టదు.

మీది నెల్లూరు జిల్లా కనుక ఒకటి గుర్తుచేస్తాను. 1991లో మీ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో ఊళ్లోని సారా గురించి చదివి, పలక పక్కన పెట్టి సారా కొట్ల మీదికి వెళ్లారు. ఆ పోరాటం మొదలైన దూబగుంట అనే ఊరి పేరు దేశమంతా తెలిసింది. సారా మానిపించిన డబ్బును దాచుకోవడానికి ఆ తర్వాత పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. ముందు అక్షరం, తర్వాత పొదుపు. నైజర్‌లో ముందు పొదుపు; పెట్టెలోని డబ్బు లెక్క తెలియాలి కనుక ఆ వెనకే అంకెలు. దారి ఎటు నుంచి వచ్చినా ఒకే చోట కలిసింది.

ప్రశ్న: ఈ పొదుపు వల్ల పేదరికం పోయిందా, పిల్లలు చదివారా? ఎవరైనా సరిగ్గా లెక్క తీశారా, లేక అంతా కరపత్రాల మాటేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: తీశారు. ఘనా, మలావీ, ఉగాండా దేశాల్లో కొన్ని పల్లెల్లో బృందాలు పెట్టించి, కొన్నిట్లో పెట్టించకుండా ఉంచి, రెంటినీ పోల్చి చూసిన అధ్యయనం 2017లో వెలువడింది. బృందాలున్న పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు, అప్పు దొరకడం, చిన్న వ్యాపారాలు, ఇంటి నిర్ణయాల్లో ఆమె మాటకు విలువ పెరిగాయి. కుటుంబం సగటున చేసే ఖర్చు మాత్రం పెరిగినట్టు కనబడలేదు. అంటే రెండు మూడేళ్లలో ఎవరూ ధనికులు కాలేదు. నన్నడిగితే ఇది నిరాశపడవలసిన ఫలితం కాదు. ఆడపిల్ల చదువు ఆగేది చాలాసార్లు పెద్ద ఖర్చు దగ్గర కాదు. పరీక్ష రుసుము కట్టవలసిన వారంలో ఇంట్లో డబ్బు లేకపోవడం దగ్గర, ఉన్న కాస్తా ఎవరి మీద ఖర్చుపెట్టాలో తల్లిని అడగకపోవడం దగ్గర. పెట్టె ఈ రెంటినీ కొంత సరిచేస్తుంది. అంతకు మించి దాని నెత్తిన బరువు పెట్టకూడదు. గది కట్టడం, పంతుల్ని పంపడం ప్రభుత్వం పని. ఆ పని ఎగ్గొట్టి ‘మహిళలే చూసుకుంటారు’ అనే ధోరణి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ప్రశ్న: మా తరగతిలో ఇద్దరికి పెళ్లిళ్లు చేసేశారు. అక్కడ కూడా ఇలాగే ఉందా? చట్టం ఉంటే సరిపోదా?
— ఇంటర్మీడియట్ విద్యార్థిని, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఉందమ్మా. మలావీ, నైజర్ వంటి దేశాల్లో మన కంటే ఎక్కువగా ఉంది. చట్టం కావాలి, చట్టమొక్కటే చాలదు. మలావీలో 2015లో పెళ్లి వయసును 18గా నిర్ణయిస్తూ చట్టం చేశారు. కానీ తల్లిదండ్రులు ఒప్పుకుంటే 15 ఏళ్లకే చేయవచ్చన్న వెసులుబాటు రాజ్యాంగంలో ఉండిపోయింది. దాన్ని తీసేయడానికి 2017 దాకా పట్టింది.

అప్పటికే ఆ దేశంలోని డెడ్జా జిల్లాలో థెరెసా కచిందమోటో అనే పెద్ద గ్రామాధిపతి తన పని మొదలుపెట్టారు. 2003లో ఆ గద్దెనెక్కిన ఆమె, పన్నెండేళ్ల పిల్లల చంకన బిడ్డల్ని చూసి, తన కింది గ్రామపెద్దలందరి చేతా బాల్యవివాహాలు చేయించబోమని ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. మాట తప్పిన నలుగురు పెద్దలను పదవి నుంచి తప్పించి, ఆ పెళ్లిళ్లు రద్దయ్యాయని రుజువు చూపాకే తిరిగి తీసుకున్నారు. వందల సంఖ్యలో పెళ్లిళ్లు రద్దు చేయించి పిల్లల్ని బడికి పంపారు. పంపి ఊరుకోలేదు, బడికి పోతున్నారో లేదో చూడటానికి ఊళ్లోని తల్లుల్ని, తండ్రుల్ని నియమించారు. మలావీ బడుల్లో ‘తల్లుల బృందాలు’ చాలాచోట్ల ఉన్నాయి. వారం రోజులు కనబడని ఆడపిల్ల ఇంటికి వెళ్లి ‘పిల్ల ఏదీ?’ అని అడగడం వాళ్ల పని. పోలీసు వెళితే ఇంట్లోవాళ్లు అబద్ధమాడతారు. పక్కింటి పెద్దమ్మ వెళితే ఆడటం కష్టం.

ఒక్క ఊరు మారితే చాలదని సెనెగల్ అనుభవం చెబుతుంది. ఆ దేశంలోని మాలికుండా బంబారా అనే ఊరి ఆడవాళ్లు, 1991లో మొదలైన తోస్తాన్ అనే సంస్థ నడిపిన వయోజన తరగతుల్లో, తమ భాషలోనే చదువుకుంటూ, ఆరోగ్యం, మానవ హక్కుల గురించి చర్చించారు. ఆడపిల్లల జననాంగాలను కోసే పాత ఆచారాన్ని మానేస్తున్నామని 1997 జులై 31న పదిమందిలో ప్రకటించారు. పొరుగు ఊళ్లు మండిపడ్డాయి. అప్పుడు కేర్ సింబారా అనే ఊరి ఇమాము దెంబా జవారా ఒక సులువైన మాట చెప్పారు: మన పిల్లల్ని ఇచ్చేదీ పుచ్చుకునేదీ చుట్టుపక్కల ఊళ్లతో, వాళ్లు మానకుండా మనమొక్కరం మానితే మన పిల్లలకు పెళ్లిళ్లు కావు. ఆ వృద్ధుడు కాలినడకన ఊరూరూ తిరిగి బంధువులతో మాట్లాడారు. 1998 ఫిబ్రవరిలో ఆ ఊళ్లన్నీ కలిసి ప్రకటన చేశాయి. చట్టం ఆ మరుసటి ఏడాది, 1999లో వచ్చింది. మన వరకట్నం కూడా ఇలాంటిదే కదా. ఒక్క ఇంటివాళ్లు కట్నం ఇవ్వబోమంటే సంబంధం తప్పిపోతుంది.

నీ స్నేహితురాళ్ల విషయానికి వస్తే, మన దగ్గర పిల్లల సహాయవాణి 1098 ఉంది. పెళ్లయినంత మాత్రాన పరీక్ష రాసే హక్కు పోదు. వాళ్లిద్దరి పేర్లూ హాజరు పట్టీలోంచి తీసేయకుండా చూడమని మీ ప్రిన్సిపాల్ గారిని అడుగు. సియెరా లియోన్‌లో గర్భం దాల్చిన ఆడపిల్లల్ని మామూలు బడుల్లోకి రానివ్వకూడదని 2015లో పెట్టిన నిషేధం, న్యాయస్థానం తప్పుపట్టాక 2020 మార్చిలో గాని పోలేదు. టాంజానియా 2021 నవంబరులో అలాంటి నిషేధాన్నే ఎత్తేసింది. ఆ మధ్యకాలంలో ఆగిపోయిన చదువులన్నీ తిరిగి రాలేదు.

ప్రశ్న: ఆడపిల్లను చదివించకపోవడం అక్కడి సంస్కృతిలోనే ఉందంటారు. నిజమేనా?
— ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: 1991లో ఆన్ కాటన్ అనే బ్రిటిష్ విద్యార్థిని ఇదే నమ్మకంతో పరిశోధనకు జింబాబ్వేలోని మోలా అనే మారుమూల పల్లెకు వెళ్లారు. ఊరివాళ్లు చెప్పిన కారణం ఒక్కటే: ఇద్దర్ని చదివించే స్తోమత లేదు, చదివితే ఉద్యోగం దొరికే అవకాశం మగపిల్లవాడికి ఎక్కువ, అందుకని వాణ్ణి పంపుతున్నాం. ఆమె తిరిగి వెళ్లి, కేకులు కాల్చి అమ్మిన డబ్బుతో మొదట 32 మంది ఆడపిల్లల చదువుకు సాయం చేశారు. 1993లో ఆ పని క్యామ్‌ఫెడ్ అనే సంస్థ అయింది. సాయం పొంది చదివిన అమ్మాయిలు 1998లో తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో ఎందరో ఇప్పుడు తమ ఊరి బడికే వెళ్లి, తర్వాతి పిల్లలకు అక్కల్లా తోడుంటున్నారు, తమ సంపాదనలోంచి ఫీజులు కడుతున్నారు. సంస్కృతి అన్నదానిలో ఎంత భాగం లెక్క, ఎంత భాగం నమ్మకం అనేది డబ్బు చేతికి వచ్చాకే తేలుతుంది.

ప్రశ్న: మన దేశం నుంచి వాళ్లు నేర్చుకున్నదేమైనా ఉందా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: రెండు చెబుతాను. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లకు డబ్బు ఇచ్చింది. ఉన్నత పాఠశాలలో చేరే ఆడపిల్లలు గణనీయంగా పెరిగారు. ఆ అనుభవం చూసి జాంబియాలో, బడికి మూడు కిలోమీటర్లకు మించి దూరంలో ఉన్న ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చి పరీక్షించారు. మట్టిదారికి తట్టుకునే బరువైన సైకిల్, ఊళ్లోనే శిక్షణ పొందిన మెకానిక్, సైకిల్‌ను అన్నయ్య ఎత్తుకుపోకుండా చూసే ఊరి కమిటీ — ఈ మూడూ కలిపి ఇచ్చారు. ప్రయాణ సమయం మూడో వంతు తగ్గింది, గైర్హాజరు నాలుగో వంతుకు పైగా తగ్గింది, దారిలో ఆకతాయిల బెడదా తగ్గింది.

రెండోది రాజస్థాన్‌లోని తిలోనియా. 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాలకు, భారత ప్రభుత్వం ప్రయాణ ఖర్చులు భరించగా, ఆఫ్రికా పల్లెల నుంచి నడివయసు దాటిన ఆడవాళ్లు, చాలామంది అమ్మమ్మలు, ఆరు నెలల పాటు వచ్చి సౌర దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు, ఒకరి భాష ఒకరికి తెలియదు. రంగులతో, సైగలతో పాఠం నడుస్తుంది. అమ్మమ్మలే ఎందుకంటే, కుర్రవాడికి నేర్పితే సర్టిఫికెట్ పట్టుకుని పట్నం పోతాడు, అమ్మమ్మ ఊళ్లోనే ఉంటుంది. దీపం వెలిగితే మనవరాలు రాత్రి చదువుకుంటుంది.

ప్రశ్న: దారెస్సలామ్‌లో ఉంటున్నాం. మా తెలుగువాళ్లం కొందరం కలిసి ఒక పల్లె బడికి బ్యాగులు, నోటు పుస్తకాలు పంచాలనుకుంటున్నాం. సలహా చెప్పండి.
— ఒక తెలుగు కుటుంబం, టాంజానియా

జవాబు: మీ సంకల్పం మంచిది, బ్యాగుల దగ్గర మాత్రం కాసేపు ఆగండి. టాంజానియాలో 2016 జనవరి నుంచి మాధ్యమిక స్థాయిలో నాలుగో ఫారం దాకా కూడా ప్రభుత్వ బడుల్లో ఫీజు లేదు. ఇంకా మిగిలిన ఖర్చు ఏదో ఊరిని బట్టి మారుతుంది. ఒకచోట యూనిఫాం, ఒకచోట మధ్యాహ్నం తిండికి ఇంటింటా వేసుకునే చందా, ఇంకోచోట బడి దూరమై అద్దె గదిలో ఉండవలసిన ఆడపిల్లల భద్రత. కాబట్టి ముందు హెడ్మాస్టరు గారిని కలవండి, కానీ ఆయన్నొక్కరినే కలిసి తిరిగి రావద్దు. ఆ ఊళ్లో ‘వికోబా’ అనే పొదుపు బృందం ఉండే అవకాశం ఎక్కువ. నేను పైన చెప్పిన పెట్టెకు అది టాంజానియా రూపం. వాళ్ల సమావేశం రోజు కనుక్కుని, ఒక మూల కూర్చుని, పని అయ్యాక అడగండి: పోయిన ఏడాది మీ ఊళ్లో ఏ ఆడపిల్ల బడి మానేసింది, ఏ నెలలో, ఎందుకు? జవాబు వాళ్లకు పేర్లతో సహా తెలిసి ఉంటుంది. ఇచ్చే వస్తువేదైనా ఆ ఊరి దర్జీ చేతనే కుట్టించండి, ఆ బజారులోనే కొనండి.

బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి చూడటానికి మీతో వచ్చే ఆడవాళ్లను పంపండి. తలుపుకు లోపలి గడియ ఉందా, చేతులు కడుక్కోవడానికి నీళ్లున్నాయా, పై తరగతుల పిల్లలు నెలలో ఆ రోజుల్లో బడికి వస్తున్నారా అని వాళ్లు అడగగలరు. గడియ లేకపోతే మీ మొదటి ఖర్చు అదే. అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది కనుక ఇవన్నీ నవంబరు లోపల చూసి రండి. డిసెంబరులో చాలా ఇళ్లకు యూనిఫాం బెంగ మొదలవుతుంది.